స్తంభాలు రాని చోట సోలార్ సెట్టు: వాడి చూశాక నా మాట

కరెంటు స్తంభాలు మా ఇంటికి చాలా దూరంలోనే ఆగిపోయాయి. అక్కణ్ణుంచి లైను లాగాలంటే ఖర్చంతా మేమే పెట్టుకోవాలన్నారు. అది మా వల్ల అయ్యే పని కాదు. అందుకని లైనుతో సంబంధం లేకుండా నడిచే సోలార్ సెట్టు పెట్టించాం. ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. నేను ఇంటి నుంచే కంప్యూటర్ మీద అకౌంట్ల పని చేస్తాను. అమ్మకి షుగర్, ఇన్సులిన్ మీద ఉంది. కరెంటు ఆగితే నా పని ఆగుతుంది, అమ్మ మందు పాడవుతుంది. ఊళ్లకు దూరంగా ఉండి ఇలాంటి సెట్టు కొనాలనుకునేవాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మార్కులు ముందే చెప్పేస్తాను. మొత్తం మీద అయిదుకి నాలుగు. ప్యానెళ్లకీ బ్యాటరీలకీ అయిదుకి అయిదూ ఇస్తాను. ఇన్వర్టర్‌కి మూడున్నర. అమ్మినవాళ్ల సర్వీసుకి మాత్రం ఒకటికి మించి ఇవ్వలేను. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పే ఇబ్బందులు చాలావరకు ఏ కంపెనీ సెట్టు కొన్నా ఎదురయ్యేవే. ఇలాంటి చోట ఉండేవాళ్లు వస్తువు ఎంత బాగా పనిచేస్తుందో చూసుకుంటే సరిపోదు. అది ఆగిపోయిన రోజున మన చేతుల్తో మనం ఎంతవరకు బాగుచేసుకోగలమో కూడా చూసుకుని కొనాలి. ఆ రెండోది షాపులో ఎవరూ చెప్పరు.

మాది ఎనిమిది ప్యానెళ్ల సెట్టు. ఒక్కోటి 400 వాట్లు, మొత్తం 3.2 కిలోవాట్లు. ఇన్వర్టర్ 5 కిలోవాట్లది. బ్యాటరీలు రెండు, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. ఒక్కో బ్యాటరీలో 16 సెల్స్ ఉంటాయి, సెల్లుకి 3.2 వోల్టులు, కలిపి 51.2 వోల్టులు. 100 ఆంపియర్-అవర్లది కాబట్టి ఒక్కోదాంట్లో అయిదు యూనిట్ల పైచిలుకు పడుతుంది. రెండూ కలిపితే పది యూనిట్లు. మా ఇంటి వాడకం మామూలు రోజున అయిదారు యూనిట్లు. అంటే ఎండ లేకపోయినా ఒకరోజు హాయిగా, జాగ్రత్తగా ఉంటే రెండు రోజులు గడుస్తుంది.

3.2 కిలోవాట్లని కాగితం మీద రాసి ఉందని అంతా వస్తుందనుకోకండి. ఆ లెక్క ప్యానెల్ సెల్స్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు, ఎండ చదరపు మీటరుకి 1000 వాట్ల చొప్పున పడినప్పుడు తీసింది. మిట్టమధ్యాహ్నం ప్యానెల్ ఒళ్లు 60 డిగ్రీలకు చేరుతుంది. ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ సుమారు 0.35 శాతం తగ్గుతుంది కాబట్టి ఆ వేడికే పన్నెండు శాతం దాకా పోతుంది. అందుకే మండే ఎండ కంటే చల్లటి గాలి ఆడుతూ ఆకాశం తేటగా ఉన్న రోజునే మా మీటర్ మీద పెద్ద అంకె కనిపిస్తుంది. మొదట్లో అమ్మ నమ్మలేదు. ఇప్పుడు తనే, "ఇవాళ గాలి బాగుంది, బట్టలు వేసెయ్" అంటుంది.

ఇంతకు ముందు మాకు డీజిల్ జనరేటర్ ఉండేది. ఎక్కడో మారుమూల ఇల్లు కట్టుకుంది ప్రశాంతత కోసం, తీరా చీకటి పడగానే ఆ మోత. దాని చప్పుడుకి గొంతు పెంచి మాట్లాడుకునేవాళ్లం. ఆపగానే ఫ్రిజ్ ఆగిపోయేది. డీజిల్ అయిపోతే తెచ్చుకోవడం మరో పెద్ద ప్రయాణం. సోలార్ వచ్చాక ఆ మోత పోయింది. రాత్రిళ్లు కీచురాళ్లు, కప్పలు, గాలి మారినప్పుడు చెట్ల చప్పుడు వినిపిస్తాయి. నాకైతే ఈ ఒక్క కారణానికే సెట్టు పెట్టించుకోవచ్చనిపిస్తుంది. ఫ్రిజ్ రోజంతా ఆగకుండా నడవడం అంతకంటే పెద్ద సంగతి. తెరవని ఇన్సులిన్ సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మందుల షాపు దగ్గర్లో ఉంటే ఒక్కొక్కటే తెచ్చుకోవచ్చు. మా పరిస్థితిలో నెలలకు సరిపడా తెచ్చి దాచుకోవాలి, అందుకని ఫ్రిజ్ మీద భరోసా ఉండాలి. ఇప్పుడు ఫ్రిజ్ లోపల చిన్న థర్మామీటర్ పెట్టాను. పొద్దున లేవగానే అమ్మ మొదట చూసేది దాన్నే.

ఇక బ్యాటరీ. నేను బాగా దగ్గర్నుంచి చూసింది దాన్నే కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను.

పాత లెడ్ యాసిడ్ బ్యాటరీలు సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా చచ్చిపోతాయి. వాటికి డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉండాలి, చార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి గాలి ఆడే చోట పెట్టాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కి ఆ గొడవలేవీ లేవు. ఎనభై శాతం దాకా వాడుకున్నా ఏమీ అనదు. మిగతా చాలా లిథియం రకాలతో పోలిస్తే వేడెక్కి మంటలంటుకునే భయం కూడా తక్కువ. దీని మీద 1990ల్లో టెక్సాస్ యూనివర్సిటీలో జాన్ గుడెనఫ్ బృందం పనిచేసింది. లిథియం అయాన్ బ్యాటరీల మీద చేసిన పనికి ఆయనకి 2019లో నోబెల్ వచ్చింది, అప్పటికి ఆయన వయసు 97. అంత వయసులో ఆ బహుమతి అందుకున్నవాళ్లు ఇంకెవరూ లేరు. మా గోడకి ఉన్న ఈ నల్లపెట్టెల వెనక అంతటి జీవితకాలపు శ్రమ ఉందని తెలిసినప్పటి నుంచి వాటి మీద దుమ్ము పడితే నాకు ఊరుకోబుద్ధి కాదు.

అయితే ఒక విషయంలో ఈ బ్యాటరీ ఎవరినైనా తప్పుదారి పట్టిస్తుంది. స్క్రీన్ మీద కనిపించే శాతం. ఈ రకం సెల్ నిండుగా ఉన్నప్పుడూ, బాగా తగ్గినప్పుడూ తప్ప మధ్యలో వోల్టేజి దాదాపు ఒకేలా ఉంటుంది. తొంభై శాతం దగ్గర 3.3 వోల్టులు, ఇరవై దగ్గర 3.2. అంత చిన్న తేడాని బట్టి ఎంత మిగిలిందో చెప్పడం కష్టం. అందుకని బ్యాటరీ లోపలున్న బీఎమ్ఎస్ అనే బోర్డు, లోపలికి ఎంత కరెంటు వచ్చింది, బయటికి ఎంత పోయింది అని కూడికలూ తీసివేతలూ వేస్తూ ఆ శాతం చూపిస్తుంది. రోజూ చిన్న చిన్న తేడాలు వస్తాయి. బ్యాటరీ పూర్తిగా నిండినప్పుడు ఆ తేడాలన్నీ చెరిపేసి మళ్లీ నూరు నుంచి మొదలుపెడుతుంది. నిండకుండా రోజులు గడిస్తే తేడాలు పోగవుతూనే ఉంటాయి. అకౌంట్ల పని చేసేదాన్ని కాబట్టి ఇది నాకు వెంటనే అర్థమైంది. క్లోజింగ్ బ్యాలెన్స్ సరిచూసుకోకుండా పుస్తకం రాసుకుంటూ పోతే ఏమవుతుందో అదే అవుతుంది.

ముసురు పట్టినప్పుడు జరిగేది ఇదే. మబ్బులు దట్టంగా ఉన్న రోజున మా ప్యానెళ్ల నుంచి మామూలు రోజులో నాలుగో వంతు కూడా రాదు, ఒక్కోసారి పదో వంతే. బ్యాటరీ నిండదు. స్క్రీన్ మీద ముప్పై శాతం అని ఉంటుంది, ఇంకా రాత్రంతా గడుస్తుందనుకుని పడుకుంటాం, అర్ధరాత్రి దాటాక టప్‌మని అంతా ఆరిపోతుంది. అందుకని ముసురు రోజుల్లో నేను శాతాన్ని పట్టించుకోను, వోల్టేజి చూస్తాను. రాత్రి లోడు తక్కువగా ఉన్నప్పుడు మొత్తం వోల్టేజి 51 కిందికి జారడం మొదలైతే ఇక ఫ్రిజ్, ఒక బల్బు తప్ప అన్నీ ఆపేస్తాను. ఈ ముక్క కరపత్రంలో లేదు, బిగించడానికి వచ్చినవాళ్లూ చెప్పలేదు. చలి ప్రాంతాల్లో ఉండేవాళ్లు ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోండి. సున్నా డిగ్రీల కింద ఈ బ్యాటరీని చార్జ్ చేయకూడదు, లోపల లిథియం పొరలా పేరుకుని సెల్ శాశ్వతంగా దెబ్బతింటుంది. అలాంటి చోట హీటర్ ఉన్న రకమే తీసుకోవాలి.

ఇన్వర్టర్‌కి మార్కులు తగ్గించింది దాని సొంత తిండి వల్ల. ఇంట్లో ఏమీ వేయకపోయినా అది ఆన్‌లో ఉన్నంతసేపూ 50 వాట్లు తింటుంది. వినడానికి తక్కువే. రోజుకి లెక్కేస్తే 1.2 యూనిట్లు, మా ఫ్రిజ్ కంటే ఎక్కువ. ఎండ ఉన్నప్పుడు తెలియదు, ముసురులో ఆ యూనిట్ చాలా విలువైంది. పెద్ద ఇన్వర్టర్ కొంటే మంచిదని అందరూ చెబుతారు. ఎంత పెద్దదైతే అంత తింటుందని కూడా ఎవరైనా చెప్పాలి.

సర్వీసుకి ఒక మార్కే ఎందుకో ఇప్పుడు చెబుతాను.

ఒకరోజు మధ్యాహ్నం ఆకాశం అద్దంలా ఉంది. మీటర్ మీద మాత్రం ప్యానెళ్ల నుంచి వచ్చేది సున్నా. పైకి వెళ్తే కాలిన ప్లాస్టిక్ వాసన. రెండు ప్యానెళ్ల మధ్య వైర్లను కలిపే కనెక్టర్ నల్లగా మాడి, కరిగి కిందికి జారింది. చేత్తో లాగేయడానికి లేదు. ప్యానెళ్లన్నీ వరుసగా కలిసి ఉండటంతో అక్కడ మూడువందల వోల్టుల దాకా డీసీ, అంటే ఒకే దిక్కుకి పారే కరెంటు, ఉంటుంది. ఇంట్లో వాడే, దిక్కు మార్చుకుంటూ పారే ఏసీ కరెంటు 50 హెర్ట్‌జ్ అయితే సెకనుకి వందసార్లు సున్నాకి వచ్చి పోతుంది కాబట్టి నిప్పురవ్వ లేచినా దానంతటదే ఆరే అవకాశం ఉంది. డీసీ ఆ సున్నాకి రానే రాదు. కరెంటు పారుతుండగా కనెక్టర్ లాగితే మంట అలాగే సాగుతూ నిలబడుతుంది. ఏసీ కరెంటు కోసం చేసిన స్విచ్‌ని ప్యానెళ్ల వైపు పెట్టకూడదనేది కూడా ఇందుకే. ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్‌ని ఆపే మార్గం లేదు. ప్యానెళ్లని ఇన్వర్టర్ నుంచి విడదీసే స్విచ్, డీసీ ఐసొలేటర్, ఆపేసి, కిందికి దిగి, కంపెనీకి ఫోన్ చేశాను.

మా ఇంట్లో సిగ్నల్ ఒక మూలే వస్తుంది. అక్కడ నిలబడి విషయమంతా చెప్పాను. వీడియో తీసి పంపమన్నారు. ఆ సిగ్నల్ మీద వీడియో పోవడమంటే గంటల పని. సాయంత్రానికి ఎలాగో పోయింది. చూసి చెబుతామన్నారు. మర్నాడు చీకటి పడ్డాక బ్యాటరీలు కూడా అయిపోయాయి. తెల్లవారగానే మళ్లీ ఫోన్ చేస్తే ఇంకో అబ్బాయి ఎత్తాడు.

"మేడమ్, యాప్‌లో మీ సిస్టమ్ ఆఫ్‌లైన్ అని చూపిస్తోంది. ముందు ఇంటర్నెట్ ఆన్ చేయండి. డేటా కనపడితేనే కంప్లైంట్ ముందుకు వెళ్తుంది."

"కరెంటే లేదు బాబూ. రౌటర్ ఎలా ఆన్ అవుతుంది?"

"ప్రాసెస్ అదే మేడమ్."

ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు, అతని ముందున్న స్క్రీన్ ఏం చెబితే అది చెబుతున్నాడు. కానీ కరెంటు పోయిన వస్తువు కంప్లైంట్ ఇవ్వడానికి కరెంటు ఉండాలనే పద్ధతి పెట్టినవాళ్లకి, ఈ వస్తువు ఎలాంటి ఇళ్లకు వెళ్తుందో తెలియదా అని చాలా బాధేసింది. మనిషి రావడానికి రెండు వారాలు పడుతుందన్నారు, మా చోటు వాళ్ల రూట్‌లో లేదట.

ఈలోపు ఇన్సులిన్. డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టి ఉన్న ఐస్ ప్యాకులు థర్మోకోల్ డబ్బాలో పెట్టి, మధ్యలో మందమైన గుడ్డ వేసి, సీసాలు దాని మీద పెట్టాను. సీసాలు నేరుగా మంచుకి తగలకూడదు. ఇన్సులిన్ ఒకసారి గడ్డకడితే కరిగాక వాడటానికి లేదు, పారేయాల్సిందే. వేడి గురించి అందరూ జాగ్రత్తపడతారు గాని, ఈ రెండో ప్రమాదం చాలామందికి తట్టదు. థర్మామీటర్ కూడా ఆ డబ్బాలోనే పెట్టి గంటగంటకీ చూశాం. అమ్మ కంగారు పడలేదు. పడితే నేను పడతానని తనకి తెలుసు.

చివరికి బోర్ల మోటార్లు బాగుచేసే ఒక కుర్రాడు బండి మీద వచ్చాడు. సోలార్ నా పని కాదక్కా అంటూనే పైకి ఎక్కాడు. పొద్దు వాలాక, ఐసొలేటర్ ఆపి ఉందో లేదో రెండుసార్లు చూసి, క్లాంప్ మీటర్‌తో కరెంటు పారడం లేదని ఖాయం చేసుకుని, అప్పుడు చెయ్యి పెట్టాడు. మాడిన ముక్కని టార్చ్ వెలుగులో తిప్పి చూపించాడు.

"ఇది చూడండక్కా. మగది ఒక కంపెనీది, ఆడది ఇంకో కంపెనీది. చూట్టానికి ఒకేలా ఉన్నాయి, పట్టు సరిగ్గా లేదు. వదులుగా ఉంటే వేడెక్కుతుంది, వేడెక్కితే ఇంకా వదులవుతుంది."

బిగించినవాళ్లు చేతికి దొరికిన ముక్క తగిలించి వెళ్లారు. అది ఎండలో నెమ్మదిగా కాలుతూ వచ్చింది. అతను రెండు వైపులా కోసి, ఒకే కంపెనీ జత పెట్టి, క్రింపింగ్ టూల్‌తో నొక్కి, లాగి చూసి, మిగతా జాయింట్లన్నీ ఒక్కొక్కటే చేత్తో తడిమి చూశాడు. ఇంకో రెండు చోట్ల ఇదే తేడా దొరికింది. కంపెనీ రెండు వారాలన్న పని ఆ సాయంత్రం అయిపోయింది. మర్నాడు ఎండెక్కేసరికి మీటర్ మీద అంకెలు మామూలైపోయాయి. సెట్టు పెట్టించేవాళ్లు ఎవరైనా సరే, కనెక్టర్లన్నీ ఒకే కంపెనీవా అని బిగించే రోజే పక్కన నిలబడి అడగండి. పని అయిపోయాక పైకెక్కి చూసేవాళ్లు ఉండరు.

తర్వాత ఆ కుర్రాడి దగ్గరే నేను క్రింపింగ్ నేర్చుకున్నాను. ఇప్పుడు మెట్ల కింద ఒక డబ్బా ఉంది. అందులో కనెక్టర్ల జతలు, క్రింపింగ్ టూల్, డీసీ కూడా చూపించే క్లాంప్ మీటర్, రబ్బరు గ్లవ్స్, ఫ్యూజులు, పిడుగుల నుంచి కాపాడే సర్జ్ ప్రొటెక్టర్‌కి అదనపు క్యాట్రిడ్జ్. చుట్టూ మైదానంలో మా ఇల్లే ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఉరుములంటే మాకు భయమే. ఆ సర్జ్ ప్రొటెక్టర్ మీద చిన్న కిటికీలాంటిది ఉంటుంది. పచ్చగా ఉంటే బాగున్నట్టు, ఎర్రగా మారితే అది దెబ్బ తాను తీసుకుని ఇన్వర్టర్‌ని కాపాడినట్టు. పెద్ద వాన వెలిశాక నేను మొదట వెళ్లి చూసేది ఆ కిటికీనే. ఎర్రబడిన దాన్ని లాగేసి కొత్తది గుచ్చడం నిమిషం పని. ఎర్త్ సరిగ్గా లేకపోతే మాత్రం అది ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే.

కంపెనీ మీద ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. ఇన్వర్టర్‌లో కొన్ని సెట్టింగులు మార్చాలంటే ఇన్‌స్టాలర్ పాస్‌వర్డ్ కావాలి, అది మాకు ఇవ్వరు. బ్యాటరీ ఎక్కడ ఆగాలి, ఎంత వేగంగా నిండాలి అన్నవి మా ఇంటి అవసరాన్ని బట్టి ఉండాల్సినవి. డబ్బు పెట్టి కొన్న వస్తువు తాళంచెవి వేరేవాళ్ల దగ్గర ఉండటం నాకు అస్సలు నచ్చలేదు. కొనేముందే ఈ మాట అడిగి, కాగితం మీద రాయించుకోండి.

చిన్న చిన్న సంగతులు కొన్ని. ఒక కొమ్మ నీడ ప్యానెల్ మూలన పడినా నష్టం ఆ మూల వరకే ఉండదు. ప్యానెల్ లోపల సాధారణంగా మూడు భాగాలుగా సెల్స్ కలిపి, ఒక్కోదానికి ఒక బైపాస్ డయోడ్ పెడతారు. నీడ పడ్డ భాగం మొత్తం పక్కకి తప్పుకుంటుంది. దుమ్ము తెల్లవారుజామున కడగాలి. కాలిపోతున్న అద్దం మీద చల్లటి నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది. ఎలుకలు వైర్లు కొరుకుతాయి, పైపులోంచి తీయించుకోండి. ఇన్వర్టర్ ఫ్యాన్ సందుల్లోంచి చీమలు దూరతాయి, బల్లులు దూరతాయి. సన్నటి జాలీ బిగించుకోవాలి, ఆ జాలీకి పట్టే దుమ్ము తరచూ దులపాలి.

ఈ సెట్టుతో బతకడమంటే పొద్దుతో పాటు బతకడం. పది నుంచి మూడు దాకా ఇంట్లో పనులన్నీ ఒకేసారి జరిగిపోతాయి. మోటార్, వాషింగ్ మెషిన్, ఇస్త్రీ అన్నీ అప్పుడే. ఒక హార్స్‌పవర్ మోటార్ అంటే 746 వాట్లు, స్టార్ట్ అయ్యేటప్పుడు దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. అందుకని అది ఆన్ చేసేటప్పుడు మిగతావి ఆపుతాం. పైన ట్యాంకు నింపేస్తే రాత్రికి మోటార్‌తో పని లేదు. పాత ఫ్యాన్లు 75 వాట్లవి తీసేసి ముప్పై వాట్లు తినే బీఎల్‌డీసీవి పెట్టాం. ప్యానెళ్లు పెంచడం కంటే ఇదే మేలు. పొద్దున్నే ఆకాశం వైపు చూసి ఆ రోజు పనులు అనుకోవడం మా ఇద్దరికీ అలవాటైపోయింది. పట్నంలో ఉన్నప్పుడు నాకు నెలాఖరు తేదీలు తప్ప రుతువు ఏదో కూడా తెలిసేది కాదు. ఇప్పుడు పొద్దు ఏ వారం ఎంత పక్కకి జరిగిందో మా మీటర్ మీద అంకెల్లోనే తెలుస్తుంది.

రాత్రిళ్ల గురించి చెప్పకపోతే అన్యాయం. బయట లైట్లన్నిటికీ కిందికి మాత్రమే వెలుగు పడేలా మూతలు పెట్టించాం, అక్కర్లేనప్పుడు ఆపేస్తాం. చీకట్లో ఒక ఇరవై ముప్పై నిమిషాలు కూర్చుంటే కళ్లు అలవాటు పడతాయి. అప్పుడు పాలపుంత ఈ చివర నుంచి ఆ చివరకి స్పష్టంగా కనిపిస్తుంది. లోకంలో మూడింట ఒక వంతు మంది పైగా తాము ఉంటున్న చోటు నుంచి పాలపుంతని చూడలేరని 2016లో అచ్చయిన ఒక పరిశోధన తేల్చింది. అమ్మకి చిన్నప్పుడు తెలిసిన నక్షత్రాల పేర్లు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఇన్నేళ్లూ తనకి అవి తెలుసని నాకు తెలియదు. సోలార్ సెల్‌కీ ఆకాశానికీ చుట్టరికం కూడా ఉంది. 1954లో బెల్ ల్యాబ్స్ వాళ్లు చూపించిన సిలికాన్ సెల్, పడిన ఎండలో ఆరు శాతాన్నే కరెంటుగా మార్చేది. నాలుగేళ్లకే, 1958లో, వాన్‌గార్డ్ 1 ఉపగ్రహం మీద అలాంటి సెల్స్ పంపారు. తీగ లాగలేని చోటికి కరెంటు కావాల్సినప్పుడు దీన్ని నమ్ముకున్నారు. ఇవాళ మా పైకప్పు మీదున్నవి ఇరవై శాతం పైగా మారుస్తాయి.

మరి కష్టాలు లేవా అంటే ఉన్నాయి. వాటిలో చాలావాటిని ఏ సెట్టూ తీర్చలేదు. ఆసుపత్రి దూరం దూరమే. వాన పడితే మట్టిదారి మీద బండి దిగబడుతుంది. పార్సిల్ ఇంటిదాకా రాదు, ఎక్కడో చెప్పి పెట్టించుకుని మనమే వెళ్లి తెచ్చుకోవాలి. అమ్మకి పక్కింటివాళ్లతో గోడ మీద నుంచి మాట్లాడే అలవాటు, ఇక్కడ పక్కిల్లే లేదు. కొన్ని సాయంత్రాలు తను ఊరికే ఫోన్ పట్టుకుని సిగ్నల్ మూలలో కూర్చుంటుంది, అది చూస్తే నాకు మనసు కష్టంగా ఉంటుంది. నాకు జ్వరమొస్తే ఇదంతా ఎవరు చూస్తారన్న టెన్షన్ మరొకటి. అందుకని ఇన్వర్టర్ పక్కన గోడకి స్విచ్‌లన్నిటికీ పెద్ద అక్షరాలతో 1, 2, 3 అని స్టిక్కర్లు అంటించాను. ఆపేటప్పుడు ఒకటి నుంచి మూడుకి, వేసేటప్పుడు మూడు నుంచి ఒకటికి. అమ్మ చేత చేయించి చూశాను. నాకంటే జాగ్రత్తగా చేస్తుంది.

ఎవరు కొనొచ్చు? లైను దగ్గర్లో ఉండి, కరెంటు అప్పుడప్పుడు మాత్రమే పోయేచోట ఉన్నవాళ్లకి ఇంత సెట్టు అక్కర్లేదు, చిన్న ఇన్వర్టర్ చాలు. మాలాగా లైనే లేనివాళ్లు మాత్రం ధైర్యంగా పెట్టించుకోండి. ముందు మీ ఇంట్లో ఏ వస్తువు ఎన్ని వాట్లు, రోజుకి ఎన్ని గంటలు అని ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి, షాపువాళ్ల అంచనా మీద వదిలేయకండి. బ్యాటరీ ముసురు రోజులకి సరిపోవాలి, ఎండ రోజులకి ఏదైనా సరిపోతుంది. యాప్ లేకుండా బటన్లతో నడిపించుకోగలిగే ఇన్వర్టరే తీసుకోండి. వారంటీ ఎన్నేళ్లని అడగడంతో ఆగకండి, మా చోటికి మనిషి ఎన్ని రోజుల్లో వస్తాడని అడగండి. వాళ్లు జవాబు నసిగితే అక్కడ కొనకండి. మోటార్లు బాగుచేసే మనిషెవరైనా చుట్టుపక్కల ఉంటే, బిగించే రోజున అతన్ని కూడా పిలిచి చూడమనండి. రేపు ఫోన్ చేస్తే వచ్చేది అతనే.

నేను తర్వాత చేయబోయేది, ఫ్రిజ్‌నీ రౌటర్‌నీ ఈ పెద్ద ఇన్వర్టర్ నుంచి విడదీసి, ప్యూర్ సైన్ వేవ్, అంటే లైను కరెంటులాంటి నునుపైన అలల కరెంటు, ఇచ్చే చిన్న ఇన్వర్టర్ మీదకి మార్చడం. దాని సొంత తిండి పది వాట్ల లోపు ఉండాలి, పెద్దది ఆగిపోయినా ఇది నడవాలి. ముసురు మొదలయ్యేలోపు పెట్టించేస్తాను. ఆ కుర్రాడే వచ్చి బిగిస్తానన్నాడు.